ఆ అడవికి వరదే గడియారం!

ఈసారి చేపల మార్కెట్‌కి వెళ్లినప్పుడు రూప్‌చంద్ కనిపిస్తే, ఒక్కసారి దాని నోరు తెరిచి చూపించమని అడగండి. పైకి చందువలా ఉంటుంది. అందుకే కొన్నిచోట్ల చందువ అని చెప్పి అమ్మేస్తుంటారు కూడా. కానీ నోట్లో పళ్లు మాత్రం వేరే కథ. వెడల్పుగా, మొద్దుగా, వరసగా... అచ్చం మన దవడ పళ్లలా ఉంటాయి. ఫస్ట్ టైమ్ చూసినవాళ్లు కాస్త జడుసుకుంటారు.

నాకొచ్చిన సందేహం చిన్నదే. నీళ్లలో తిరిగే చేపకి దవడ పళ్లతో పనేంటి? ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని ఫోన్లో వెతుక్కుంటూ పోతే, కైకలూరు, ఆకివీడు చెరువుల దగ్గర మొదలైన దారి ఏకంగా అమెజాన్ అడవిలోకి తీసుకెళ్లింది. అదీ మామూలు అడవి కాదు. ఏడాదిలో నెలల తరబడి నీళ్లలో మునిగి ఉండే అడవి.

మన చెరువుల్లో పెంచుతున్న రూప్‌చంద్ ఈ నేల చేప కాదు. దాని సొంతూరు దక్షిణ అమెరికాలోని అమెజాన్, ఒరినోకో నదులు. బ్రెజిల్‌లో దాన్ని పిరపిటింగా అంటారు. వరద వచ్చిందంటే అది నదిని వదిలేసి అడవిలోకి ఈదుకుంటూ వెళ్లిపోతుంది. చెట్ల మధ్య తిరుగుతూ, కొమ్మల మీంచి నీళ్లలోకి రాలే కాయలూ గింజలూ ఏరుకు తింటుంది. సింపుల్‌గా చెప్పాలంటే, పళ్లు తినడానికే ఆ పళ్లు!

చేప అడవిలో మేయడమేంటి, చెట్లు నెలల తరబడి నీళ్లలో ఉంటే కుళ్లిపోవా అనిపిస్తోంది కదా. నాకూ అలాగే అనిపించింది. చదివేకొద్దీ ఇంకో సంగతి కూడా అర్థమైంది. ఆ అడవిని భయపెట్టేది వరద కాదు. వరద టైమ్‌కి రాకపోవడం.

మనకి తెలిసిన వరద వేరు

నేను పెరిగింది గోదావరి లంకలో. మాకు వరదంటే అంకెలు. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. టీవీలో ఆ అంకె పెరుగుతుంటే మా ఇంట్లో బియ్యం బస్తాలు అటక ఎక్కేవి, గేదెలు గట్టు ఎక్కేవి. 2022 జులైలో ఆ అంకె 71 దాటినప్పుడు మీలో చాలామంది కూడా ఫోన్లో చూసుకుంటూ కూర్చునే ఉంటారు. మన దగ్గర వరద చుట్టంలా రాదు, దొంగలా వస్తుంది. నాలుగైదు రోజుల్లో మీద పడుతుంది, మరికొన్ని రోజుల్లో తీసేస్తుంది.

అమెజాన్ లెక్క ఇలా ఉండదు. బ్రెజిల్‌లో మనౌస్ అనే పెద్ద నగరం ఉంది. రియో నీగ్రో నది ఒడ్డున ఉంటుంది. అక్కడి రేవులో 1902 నుంచీ నీటిమట్టం నమోదు చేస్తున్నారు. మామూలుగా అక్టోబరు, నవంబరు నెలల్లో నీళ్లు బాగా కిందికి పోతాయి. అక్కణ్నుంచి మెల్లమెల్లగా పెరిగి జూన్ నాటికి పూర్తిగా నిండుతాయి. ఆ కింది మట్టానికీ ఈ పై మట్టానికీ మధ్య తేడా సగటున 10 మీటర్లు. అంటే మూడంతస్తుల బిల్డింగ్ ఎత్తు! కానీ అది ఒక్క రాత్రిలో ఎక్కదు. ఏడెనిమిది నెలలు పడుతుంది. సగటున చూస్తే రోజుకి నాలుగైదు సెంటీమీటర్లు. మన చేతి బొటనవేలంత.

ఎందుకింత నిదానం? నది మరీ పెద్దది, నేల మరీ చదును. అమెజాన్ పరీవాహక ప్రాంతం మన దేశానికి దాదాపు రెండింతలు. ఆండీస్ కొండల మీద, భూమధ్యరేఖకి అటూ ఇటూ వేర్వేరు నెలల్లో కురిసే వానంతా వేల కిలోమీటర్లు నడిచి ఒకే కాలువలోకి రావాలి. ఆ నీళ్లకి కిందికి జారిపోవడానికి వాలు కూడా పెద్దగా ఉండదు. అందుకే నది గట్లు దాటి అడవిలోకి సర్దుకుంటుంది. నిదానంగా వస్తుంది, నిదానంగా పోతుంది, ప్రతి ఏడాదీ దాదాపు అదే టైమ్‌కి.

ఈ నిదానం, ఈ టైమింగ్... ఈ రెండింటి మీదే అక్కడి అడవి మొత్తం ఆధారపడి బతుకుతోంది.

పాల టీ, డికాషన్

మనౌస్ దగ్గర ఒక వింత ఉంది. బహుశా మీరు రీల్స్‌లో చూసే ఉంటారు. రెండు నదులు పక్కపక్కనే ప్రవహిస్తుంటాయి. ఒకటి పాలు కలిపిన టీ రంగు, రెండోది డికాషన్ రంగు. మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు గీత. కొన్ని కిలోమీటర్ల దూరం అవి కలవకుండానే సాగుతాయి. టీ రంగు నది పేరు సోలిమోయిస్. అక్కడ అమెజాన్‌ని అలా పిలుస్తారు. డికాషన్ రంగుది రియో నీగ్రో. ఒకదాని నీళ్లు చల్లన, వేగం ఎక్కువ. రెండోదాని నీళ్లు కాస్త వెచ్చన, నడక నెమ్మది. మోసుకొచ్చే మట్టిలోనూ తేడా ఉంది. అందుకే వెంటనే కలవవు.

రంగుల తేడా చూడ్డానికి మాత్రమే కాదు. ఏ రంగు నీళ్లు ముంచుతాయన్న దాన్నిబట్టి అడవి కూడా మారిపోతుంది. అమెజాన్ నీళ్లని ఇలా రకాలుగా విడదీసి చూపించినవాడు హెరాల్డ్ సియోలి అనే జర్మన్ శాస్త్రవేత్త.

మొదటిది వార్జియా. పాల టీ రంగు నీళ్లు ముంచే అడవి. ఆ నీళ్లు ఆండీస్ కొండల్లోంచి ఒండ్రు మట్టిని మోసుకొస్తాయి. గోదారి వాళ్లకి చెప్పక్కర్లేదు, మన ఎర్రనీళ్ల లాంటివే. వరద తీసేసరికి నేల మీద కొత్త ఒండ్రు పొర పరుచుకుని ఉంటుంది. ఏటా ఉచితంగా ఎరువు వేసినట్టే. కాబట్టి చెట్లు గబగబా పెరుగుతాయి. వార్జియాలో 900కి పైగా చెట్ల జాతులున్నాయని లెక్క తేలింది. ప్రపంచంలో వరద ముంచే అడవులన్నిటిలోకీ ఎక్కువ రకాల చెట్లున్నది ఇక్కడే. అందులో అందరికంటే పొడుగ్గా నిలబడేది సమౌమా. పేరు కొత్తగా ఉన్నా చెట్టు మనకి పరిచయమే. మన తెల్ల బూరుగ అదే! అమ్మమ్మ వాళ్లింట్లో దిండ్లలో కూరిన మెత్తటి దూది ఉంటుందే, ఆ చెట్టే అక్కడ అడవికి గొడుగు పట్టినట్టు నిలబడుతుంది.

రెండోది ఇగాపో. డికాషన్ రంగు నీళ్లు ముంచే అడవి. ఈ నీళ్లు పాత ఇసుక నేలల్లోంచి వస్తాయి. రాలిన ఆకులు నానీ నానీ ఆ రంగు దిగుతుంది, మనం టీపొడి నానబెట్టినట్టే. ఒండ్రు ఉండదు, పోషకాలు ఉండవు, నీళ్లకి పులుపు గుణం. దోమలు కూడా పెద్దగా పెరగవు. టూరిస్టులకి హాయే గానీ చెట్లకి మాత్రం కరువు కాపురం. అందుకే ఇగాపో చెట్లు చాలా నెమ్మదిగా పెరుగుతాయి, కలప గట్టిగా ఉంటుంది, కొన్ని వందల ఏళ్లు బతుకుతాయి. టపాజోస్ లాంటి కొన్ని నదుల నీళ్లు ఇటు టీ కాదు, అటు డికాషన్ కాదు, తేటగా ఉంటాయి. అవి ముంచే అడవుల్ని కూడా ఎక్కువగా ఇగాపో లెక్కలోనే వేస్తారు.

ఇంతకీ మన కోరింగ మడ అడవి కూడా నీళ్లలోనే ఉంటుంది కదా, అది ఇలాంటిదేనా అని ఎవరైనా అడగొచ్చు. కాదు. కోరింగలోకి వచ్చేది సముద్రపు పోటు. రోజూ వస్తుంది, రోజూ పోతుంది. పైగా ఉప్పు కలిసిన నీరు. అమెజాన్ అడవిలోకి వచ్చేది మంచినీళ్ల వరద. ఏడాదికొకసారి వచ్చి నెలల తరబడి కదలదు. ఆ అడవి అలవాట్లన్నీ ఈ పొడవాటి శ్వాసకి తగ్గట్టు తయారయ్యాయి.

నీళ్లలో ఊపిరెలా?

మిరప చేలో రెండ్రోజులు నీళ్లు నిలిస్తే ఏమవుతుందో రైతు బిడ్డలకి తెలుసు. ఆకులు వాలిపోతాయి, వేర్లు కుళ్లిపోతాయి. చెట్టు నీళ్లు ఎక్కువై చావదు, గాలి ఆడక చస్తుంది. మట్టి రేణువుల మధ్య ఉండాల్సిన గాలి స్థానంలో నీళ్లు చేరతాయి. వేర్లకి ఆక్సిజన్ అందదు.

మరి పక్క మడిలో వరి హాయిగా నిలబడుతుంది కదా? దాని రహస్యం కాడలో ఉంది. వరి కాడల్లో, వేర్లలో సన్నటి గాలి గొట్టాలు ఉంటాయి. ఆకుల నుంచి ఆక్సిజన్‌ని కిందికి దింపే స్ట్రాలు అనుకోండి. అమెజాన్ చెట్లలో చాలావాటిది ఇదే టెక్నిక్. కొన్నిటికి బెరడు మీద గాలి పీల్చే రంధ్రాలు వరద వచ్చినప్పుడు ఉబ్బుతాయి. కొన్ని నీటిమట్టం దగ్గర మాను మీంచే కొత్త వేర్లు వేసుకుంటాయి.

ఇంకొన్ని చెట్లది వేరే దారి. పోరాడవు, పడుకుంటాయి. ఆకులు రాల్చేసి, ఎదుగుదల ఆపేసి, ఉన్న శక్తిని దాచుకుని నీళ్లు తీసేదాకా ఆగుతాయి. చలి దేశాల్లో చెట్లు శీతాకాలంలో చేసే పని ఇదే. ఇక్కడ చలి లేదు కాబట్టి ఆ పని వరద చేయిస్తుంది. దీనివల్ల శాస్త్రవేత్తలకి ఒక బోనస్ దొరికింది. ఉష్ణమండల అడవుల్లో ఏడాది పొడుగునా ఒకేలాంటి వాతావరణం ఉంటే చెట్ల మానులో ఏటా ఒక వలయం స్పష్టంగా పడదు. వయసు చెప్పడం కష్టం. వరద ముంచే అడవిలో మాత్రం ఏటా వరద ఎదుగుదలని ఆపుతుంది కాబట్టి ఏడాదికో గీత పడుతుంది. ఆ గీతలు లెక్కపెట్టి చెట్టు వయసు, అప్పటి వరదల తీరు చెప్పేస్తున్నారు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది మొక్కల సంగతి. పెద్ద చెట్టుకైతే తల నీళ్ల పైన ఉంటుంది. మోకాలెత్తు మొక్క పరిస్థితేంటి? నిండా మునిగిపోతుంది. పైన పది మీటర్ల నీరు, లోపల చీకటి. పల్లంలో మొలిచినవాటికి ఏడాదిలో ఏడు నెలలకి పైగా అదే బతుకు. అయినా కొన్ని జాతుల మొక్కలు ఆకులు కూడా రాల్చకుండా, పచ్చగా, ఆ చీకట్లోనే ఉండిపోతాయి. నీళ్లు తీశాక మళ్లీ ఎండ తగలగానే పెరగడం మొదలుపెడతాయి. అందుకే ఇక్కడ నేల ఒక్క మీటరు ఎత్తు మారితే చెట్ల జాతులు మారిపోతాయి. ఎవరు ఎన్ని రోజులు ఊపిరి బిగబట్టగలరో దాన్నిబట్టి వరసలో నిలబడ్డట్టు ఉంటుంది అడవి.

అడవిలో చేపలు, కొమ్మల్లో పులులు

ఇప్పుడు మళ్లీ మన పళ్ల చేపల సంగతి. ఈ అడవిలో చాలా చెట్ల కాయలు నీళ్లు నిండుగా ఉన్న నెలల్లోనే పండుతాయి. అది యాదృచ్ఛికం కాదు. గింజల్ని మోసుకెళ్లడానికి నీళ్లూ చేపలూ ఉండే టైమ్ అదే కాబట్టి. రూప్‌చంద్‌కి పెద్దన్నలాంటి తంబాకి అనే చేప ఉంది. మీటరు పొడవు, 30 కిలోల దాకా బరువు పెరుగుతుంది. దానికి రబ్బరు గింజలంటే ప్రాణం. రబ్బరు కాయ ఎండకి టప్‌మని పగిలి గింజలు నీళ్లలో పడతాయి. ఆ చెట్ల కిందే తంబాకీలు కాచుకుని ఉంటాయి.

రబ్బరు గింజని నమిలేస్తుంది గానీ, చాలా రకాల చిన్న గింజలు దాని పొట్టలోంచి చెక్కుచెదరకుండా బయటపడతాయి. అలా ఒక గింజని ఐదు కిలోమీటర్లకి పైగా మోసుకెళ్లగలదని పరిశోధనల్లో తేలింది. ఎంత పెద్ద చేపైతే అన్ని ఎక్కువ గింజలు, అంత ఎక్కువ దూరం. ఇప్పుడు ఆలోచించండి. వలేసేవాళ్లు ముందు పట్టేది పెద్ద చేపల్నే కదా. పెద్ద తంబాకీలు తగ్గితే పోయేది చేపలు మాత్రమే కాదు, చెట్లు నాటే మాలీలు కూడా!

చేపలొక్కటే కాదు, అడవిలోకి గులాబీ రంగు డాల్ఫిన్లు కూడా వస్తాయి. బోటో అంటారు. సముద్రపు డాల్ఫిన్లలా కాకుండా ఇవి మెడ అటూ ఇటూ తిప్పగలవు. మానుల మధ్య సందుల్లోంచి వంకరటింకరగా దూరి వెళ్లడానికి ఆ మెడే దిక్కు. కొమ్మల మీద తెల్లటి జుట్టు, ఎర్రటి మొహం ఉన్న ఉవాకరి కోతులు గంతులేస్తుంటాయి. ఇవి ఎక్కువగా బతికేది వార్జియాలోనే.

ఇక జాగ్వార్. అమెజాన్ పెద్దపులి అనుకోండి. కాలు పెట్టడానికి నేలే లేనప్పుడు అదేం చేయాలి? మామిరవా అనే చోట జాగ్వార్‌లకి కాలర్లు కట్టి గమనిస్తే తెలిసింది. అవి వరద రోజుల్లో ఎటూ వలస పోవట్లేదు. మూడు నాలుగు నెలలు చెట్ల మీదే ఉంటున్నాయి! ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టుకి ఈదుకుంటూ పోతాయి. కొమ్మల్లో దొరికే స్లాత్‌లనీ, నీళ్లలో ఉండే మొసళ్లనీ వేటాడతాయి. పిల్లల్ని కూడా చెట్ల మీదే పెంచుతాయి.

లెక్కపెట్టి పట్టే చేప

ఈ మామిరవా గురించి రెండు ముక్కలు. సోలిమోయిస్, జపురా నదుల మధ్య 11 లక్షల హెక్టార్లకి పైగా ఉన్న వార్జియా అది. ఉవాకరి కోతుల మీద పరిశోధన చేయడానికి వెళ్లిన జోసే మార్సియో అయిరెస్ అనే బ్రెజిల్ శాస్త్రవేత్త దాన్ని కాపాడాలని పట్టుబట్టాడు. 1990లో రక్షిత ప్రాంతమైంది. అయితే ఆయన మనుషుల్ని బయటికి పంపేయమనలేదు. 1996లో అక్కడివాళ్లు అక్కడే ఉంటూ, అడవిని కాపాడుకుంటూ బతికేలా దాని హోదా మార్చారు.

అక్కడి నది ఒడ్డు జనాన్ని రిబెయిరిన్యోలు అంటారు. స్తంభాల మీద కట్టిన ఇళ్లు, కొన్నైతే దుంగల మీద తేలే ఇళ్లు. నీళ్లు ఇంట్లోకి వస్తే చెక్కలతో నేలని ఇంకో మెట్టు పైకి లేపుకుంటారు. నీళ్లు తీశాక ఆ ఒండ్రులో కర్రపెండలం, కూరగాయలు వేస్తారు. ఇది చదువుతుంటే నాకు మా తాతయ్యే కళ్లముందు కదిలాడు. వరద తీశాక లంక పొలంలో ఒండ్రుని కాలితో తొక్కి చూసి, ఈ ఏడు ఎరువు ఖర్చు తగ్గిందని లెక్కలేసేవాడు. ఇల్లు మునిగిందన్న బాధ ఒక కంట్లో, ఒండ్రు పడిందన్న ఆశ ఇంకో కంట్లో.

మామిరవా వాళ్ల అసలు ఘనత పిరరూకు చేప. మూడు మీటర్ల దాకా పెరుగుతుంది, 200 కిలోల దాకా తూగుతుంది. వరద రోజుల్లో మునిగిన అడవిలోనే తండ్రి చేప పిల్లల్ని వెంటేసుకుని కాపలా కాస్తుంది. అడ్డూ అదుపూ లేని వేటతో అది దాదాపు కనుమరుగయ్యే స్థితికి వచ్చింది. దాన్ని కాపాడింది దాని బలహీనతే. ఈ చేప కాసేపటికొకసారి పైకొచ్చి గాలి మింగాలి. అనుభవం ఉన్న జాలరి పడవలో కూర్చుని ఆ చప్పుడు, ఆ అల చూసి ఎన్ని పెద్దవి, ఎన్ని చిన్నవి అని లెక్క చెప్పేయగలడు. శాస్త్రవేత్తలు సరిచూస్తే జాలర్ల లెక్క కరెక్టే అని తేలింది. దాంతో 1999 నుంచి ఒక పద్ధతి పెట్టారు. ఏటా ముందు లెక్కపెట్టాలి. ఆ లెక్కలో పెద్ద చేపల్లో 30 శాతానికి మించి పట్టకూడదు. మీటరున్నర కంటే చిన్నదైతే వదిలేయాలి. బయటివాళ్లు దొంగచాటుగా పట్టకుండా ఊళ్లవాళ్లే వంతులేసుకుని కాపలా కాస్తారు. చేపల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది, వాళ్ల చేతిలో డబ్బులూ పెరిగాయి.

గడియారం ఆగితే...

1989లో వొల్ఫ్‌గాంగ్ యుంక్, ఇంకో ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ మొత్తం వ్యవహారానికి ఒక పేరు పెట్టారు. వరద నాడి. మనిషి నాడి కొట్టుకున్నట్టే నది ఏటా ఒకసారి ఉబ్బి, ఒకసారి తగ్గుతుంది. చెట్లు, చేపలు, మనుషులు అందరూ ఆ నాడి ప్రకారమే నడుస్తారని వాళ్ల మాట.

నాడి ఆగితే ఏమవుతుందో బల్బీనా చూపించింది. మనౌస్‌కి ఉత్తరాన ఉవాటుమా నది మీద కట్టిన జలవిద్యుత్ డ్యామ్ అది. 1987లో గేట్లు మూశారు. 2 వేల చదరపు కిలోమీటర్లకి పైగా అడవి నీళ్ల కింద పోయింది. తయారయ్యే కరెంటు మాత్రం 250 మెగావాట్లే. ఇదంతా డ్యామ్ పైన జరిగిన నష్టం, అందరికీ కనిపించింది. డ్యామ్ కింద జరిగింది మాత్రం చాలా ఏళ్లదాకా ఎవరికీ పట్టలేదు.

కరెంటు కోసం నీళ్లు ఏడాది పొడుగునా దాదాపు ఒకే తీరులో వదులుతారు. పెద్ద వరదా లేదు, పెద్ద తీతా లేదు. చూడ్డానికి బాగానే ఉంది కదా? కానీ పల్లంలో ఉన్న ఇగాపో చెట్లకి నీళ్లు ఇక తీయనే లేదు. ఏడెనిమిది నెలలు ఊపిరి బిగబట్టగలిగిన చెట్టు ఏళ్ల తరబడి బిగబట్టలేదు కదా. వందల ఏళ్లు వరదల్ని తట్టుకున్న చెట్లు నిలబడ్డచోటే ఎండిపోయాయి. ఎత్తులో ఉన్నవాటికేమో నీళ్లు చేరడమే మానేశాయి. అక్కడ వరద తెలియని మెరక చెట్లు చొరబడ్డాయి. డ్యామ్ కింద 125 కిలోమీటర్ల పొడవునా ఇగాపోలో 12 శాతం చచ్చిపోయిందని 2021లో పరిశోధకులు లెక్క తేల్చారు.

అంతకంటే పెద్ద గండం వాతావరణ మార్పు. మనౌస్ రేవు లెక్కలు చూడండి. 2021 జూన్‌లో నీటిమట్టం 30.02 మీటర్లకి చేరింది. 1902 నుంచి అంత ఎత్తు ఎప్పుడూ లేదు. 2023 అక్టోబరులో 12.70 మీటర్లకి పడిపోయింది. అంత తక్కువా ఎప్పుడూ లేదు. 2024లో ఆ రికార్డు కూడా పోయింది, సుమారు 12.1కి దిగింది. నూటపాతికేళ్ల దగ్గరికొస్తున్న పుస్తకంలో అన్నిటికంటే పెద్ద అంకె, అన్నిటికంటే చిన్న అంకె నాలుగేళ్ల లోపలే పడ్డాయి.

2023 కరువులో మామిరవాకి దగ్గర్లోని టెఫే సరస్సు నీళ్లు 39 డిగ్రీలు దాటాయి. అంటే మనం స్నానానికి తోడుకునే వేడినీళ్లు. వారం రోజుల్లోనే వందకి పైగా డాల్ఫిన్లు చచ్చి తేలాయి. నదే రోడ్డుగా బతికే ఊళ్లకి పడవలు ఆగిపోయాయి. తాగే నీళ్లు, మందులు అందించడమే కష్టమైంది. కరువు ముదిరితే ఇగాపోకి నిప్పు గండం కూడా ఉంది. నేల మీద చాపలా అల్లుకున్న వేర్లు, కుళ్లని ఆకులు ఎండిపోయి అంటుకుంటాయి. నీళ్లలో నిలబడ్డం నేర్చిన చెట్టుకి నిప్పుని తట్టుకోవడం రాదు. ఒకటికి రెండుసార్లు కాలిన చోట మళ్లీ అడవి రావట్లేదు. గడ్డీ ఇసుకా మిగులుతున్నాయి.

మనదీ అదే కథేనా?

ఇలాంటి అడవులు అమెజాన్‌లో మాత్రమే లేవు. కంబోడియాలో టోన్లే సాప్ సరస్సు వానాకాలంలో ఐదారు రెట్లు ఉబ్బి చుట్టూ ఉన్న అడవిని ముంచుతుంది. ఆ దేశం తినే చేపల్లో పెద్ద భాగం ఆ ముంపు పుణ్యమే. మన పక్కనే బంగ్లాదేశ్‌లో సిల్హెట్ దగ్గర రాతార్‌గుల్ అనే చిన్న అడవి ఉంది. వానాకాలంలో పడవేసుకుని చెట్ల మధ్య తిరగొచ్చు. అన్నిచోట్లా సూత్రం ఒకటే. నీళ్లు రావాలి, ఉండాలి, మళ్లీ పోవాలి.

గోదావరికి అంత అడవి లేదు. కానీ ఆ సూత్రం మనకి కొత్తదా? పులసని తీసుకోండి. పుస్తెలమ్మైనా తినాలంటాం కదా. సముద్రంలో ఉండే ఆ చేప గోదాట్లోకి ఎదురీదడానికి వచ్చేది ఎర్రనీళ్లు దిగినప్పుడే. వరద ఆలస్యమైతే పులసా ఆలస్యమే. ఇక ఒండ్రు సంగతి. పైన కట్టిన డ్యాముల వెనక మట్టి ఆగిపోయి, గోదావరి డెల్టాకి చేరే ఒండ్రు బాగా తగ్గిపోయిందనీ, తీరం కోతకి గురవడానికి అదొక ముఖ్య కారణమనీ పరిశోధకులు ఎప్పట్నుంచో చెబుతున్నారు.

ఇలా అన్నానని వరద మంచిదే, రానివ్వండి అనడం లేదు. పడవలో బియ్యం బస్తాలు తరలించిన ఇంట్లోంచి వచ్చినవాడిని, అలా అనలేను. డ్యాములు వద్దనీ అనను. మా చేలకి నీళ్లొచ్చింది ధవళేశ్వరం ఆనకట్ట వల్లే. నేను అడిగేదొకటే. నదికి ఎంత నీరు వదలాలని లెక్కేసేటప్పుడు, ఎప్పుడు వదలాలి, ఎన్నాళ్లు ఉంచాలి, ఎప్పుడు తీయాలి అన్న లెక్క కూడా వేయాలి. బల్బీనా కింద చచ్చిన చెట్లకి నీళ్లు తక్కువై కాదు ఆ గతి పట్టింది. చాలావాటికి నీళ్లు ఎక్కువే అందాయి. వాటికి అందనిది, ఏడాదిలో నీళ్లు లేని ఆ నాలుగు నెలలు.